స్కూటర్ క్లచ్ పనిలో మేము మార్చుకుంటున్న పద్ధతి గురించి

మా షాపుకు బండి తెచ్చే వారందరికీ నమస్కారం. తిరుపతిలో స్కూటర్ల మరమ్మతు చేస్తున్న మేము క్లచ్ షూలు (ఇంజను శక్తిని చక్రానికి అందించేందుకు రాపిడితో పట్టుకునే ముక్కలు) మార్చే పనిలో ఇంతకాలం పాటించిన పద్ధతి సరైనది కాదని ఈ మధ్యనే గ్రహించాము. దాని వల్ల మీలో కొందరు ఒకే పనికి రెండుసార్లు షాపు చుట్టూ తిరగవలసి వచ్చింది. ఏం జరిగిందో, ఇకపై ఆ పని ఎలా చేస్తామో మీకు చెప్పడం నా బాధ్యత.

గత వానాకాలంలో, రోజూ ఉద్యోగానికి తిరుమలకు వెళ్ళివచ్చే ఒకాయన తన 110 సీసీ స్కూటరు తెచ్చారు. బండి కదిలేటప్పుడు వణుకుతోందని, ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర మాడు వాసన వస్తోందని చెప్పారు. విప్పి చూస్తే క్లచ్ షూల మీది లైనింగ్, అంటే రాపిడి పొర, దాదాపు అడుగంటి ఉంది. కొత్త షూలు బిగించి పంపాము. రెండు నెలలు తిరగకముందే అదే వణుకుతో ఆయన మళ్ళీ వచ్చారు. కొత్త షూలలోనే దోషం ఉందనుకుని నా ఖర్చుతో మరో జత వేసి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు గానీ నేను కొలత పరికరమైన వెర్నియర్ చేతిలోకి తీసుకోలేదు. షూలు రాసుకునే గిన్నెలాంటి ఇనుప భాగం, అంటే క్లచ్ బెల్, లోపలివైపు కంపెనీ చెప్పిన హద్దును దాటి అరిగిపోయి ఉంది. అంచు దగ్గర చేతికి తగిలేంత గట్టు ఏర్పడింది, లోపల అక్కడక్కడా వేడికి నీలి మచ్చలు పడ్డాయి. పైగా వెనక పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) లోపలి నుంచి గ్రీజు సన్నగా బయటికి వస్తోంది. మొదటి రెండుసార్లూ నేను ఆ బెల్ లోపల వేలితో తడిమి చూసి, బాగానే ఉందని నిర్ణయించాను. తప్పు పూర్తిగా నాదే. ఆయన మొదట కట్టిన డబ్బు తిరిగి ఇచ్చి, బెల్, గ్రీజును ఆపే సీల్, షూలు మూడూ మార్చాము. తరువాత పాత రిజిస్టరు తిరగేస్తే, షూలు మాత్రమే మార్చి పంపిన బండ్లలో మరికొన్ని ఇలాగే తిరిగి వచ్చినట్టు కనిపించింది.

స్కూటరులోని క్లచ్‌కు, మామూలు మోటార్‌సైకిల్‌లోని క్లచ్‌కు ఉన్న తేడా తెలిస్తే ఇది ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. మన రోడ్ల మీద తిరిగే 100, 125, 150 సీసీ మోటార్‌సైకిళ్ళలోనూ, బుల్లెట్లలోనూ క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి తిరుగుతాయి. రాపిడిలో పుట్టే వేడిని ఆ నూనె తీసుకుపోతుంది, అరిగిన పొడిని కడిగేస్తుంది. గేర్లు లేని స్కూటరులో క్లచ్‌కు నూనె తగలకూడదు. ఇంజను వేగం పెరిగినప్పుడు మూడు షూలు అపకేంద్ర బలంతో బయటికి విచ్చుకుని బెల్‌ను పట్టుకుంటాయి, వేగం తగ్గగానే చిన్న స్ప్రింగులు వాటిని లోపలికి లాగుతాయి. అక్కడ వేడిని తీసుకుపోయేది ముందు పుల్లీ మీది ఫ్యాను రెక్కలు లోపలికి తోసే గాలి ఒక్కటే. అందుకే నూనె తగలని ఇలాంటి డ్రై (పొడి) క్లచ్ విషయంలో ఏ చిన్న లోపమైనా త్వరగా వేడిగా మారుతుంది, ఆ వేడి మొదట లైనింగ్‌ను, తరువాత బెల్‌ను తింటుంది. ఈ సందర్భంలోనే నూనె గురించి ఒక మాట చెప్పాలి. స్కూటర్లకు అమ్మే ఇంజను ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంబీ అని ఉంటుంది, మోటార్‌సైకిల్ ఆయిల్ మీద జాసో ఎంఏ అని ఉంటుంది. ఎంబీ రకంలో రాపిడి తగ్గించే గుణం ఎక్కువ. స్కూటరులో అది క్లచ్‌ను తాకదు గనుక ఇబ్బంది లేదు గానీ, ఇంట్లో రెండు బండ్లూ ఉన్నవారు మిగిలిపోయిన స్కూటరు ఆయిల్‌ను మోటార్‌సైకిల్‌లో పోస్తే దాని ప్లేట్లు జారే ప్రమాదం ఉంది.

ఇక బెల్ సంగతి. షూ వంపు, బెల్ లోపలి వంపు ఒకదానికొకటి సరిపోయినప్పుడే లైనింగ్ మొత్తం ఒకేసారి ఆనుతుంది. బెల్ అరిగి లోపలి వ్యాసం పెరిగితే కొత్త షూ మధ్యభాగం మాత్రమే ముందుగా తగులుతుంది. తక్కువ చోట ఎక్కువ ఒత్తిడి పడి ఆ భాగం వేడెక్కుతుంది, లైనింగ్ గాజులా నున్నగా మారి పట్టు కోల్పోతుంది, పట్టీ పట్టక జారడమే మీకు వణుకుగా తెలుస్తుంది. కంపెనీలు ఇచ్చే అరుగుదల హద్దు సాధారణంగా అర మిల్లీమీటరు ప్రాంతంలోనే ఉంటుంది. అంత తక్కువ తేడాను వేలితో తడిమి తెలుసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, నాకూ సాధ్యం కాలేదు. ఒకే చోట కొలిచినా చాలదు. బెల్ గుండ్రదనం కోల్పోయి కొద్దిగా కోలగా మారి ఉండవచ్చు గనుక కనీసం మూడు దిక్కుల్లో కొలిచి చూడాలి. నీలి మచ్చలు విడివిడిగా ఉంటే, అక్కడి లోహం వేడికి మారిపోయిందని అర్థం. అలాంటి బెల్ కొలతలో నెగ్గినా నేను దాన్ని తిరిగి వేయమని చెప్పను.

లైనింగ్ అరగకుండానే పాడైన షూలు కూడా మా దగ్గరికి చాలా వస్తాయి, వాటికి కారణం దాదాపు ఎప్పుడూ నూనో గ్రీజో అవుతుంది. వెనక పుల్లీలో జరిగే భాగానికి లోపల గ్రీజు ఉంటుంది. దాన్ని ఆపే సీలు, రబ్బరు రింగులు గట్టిపడితే, లేదా సర్వీసు చేసినవారు అవసరానికి మించి గ్రీజు పెడితే, అది తిరిగే వేగానికి చిమ్మి షూల మీద పడుతుంది. ఇంజను వైపు నుంచి క్రాంక్ సీలు, చక్రం వైపు నుంచి గేర్ పెట్టె సీలు కారినా క్లచ్ ఉన్న గదిలోకి నూనె వచ్చి బెల్టునూ షూలనూ తడుపుతుంది. నూనె పీల్చుకున్న లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి ఆరబెట్టినా లోపలి నూనె వేడికి మళ్ళీ పైకి వస్తుంది. కాబట్టి కారుతున్న చోటును ఆపకుండా కొత్త షూలు వేయడమంటే మీ డబ్బును గ్రీజులో పోయడమే.

స్ప్రింగుల విషయంలో కుర్రవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. పికప్ పెరుగుతుందని గట్టి స్ప్రింగులు వేయమని కొందరు అడుగుతున్నారు. గట్టి స్ప్రింగు వేస్తే క్లచ్ ఎక్కువ వేగం దగ్గర పట్టుకుంటుంది. బండి కదిలేటప్పుడు ముందుకు దూకినట్టు అనిపించడం నిజమే గానీ, ప్రతి కదలికకూ జారుడు, వేడి రెండూ పెరుగుతాయి. దానికి విరుద్ధంగా స్ప్రింగులు నీరసించినా, ఒకటి తెగినా, సిగ్నల్ దగ్గర ఆపిన బండి తనంతట తాను ముందుకు పాకుతుంది. ఐడిల్ వేగం (యాక్సిలరేటరు ఇవ్వనప్పుడు ఇంజను తిరిగే వేగం) ఎక్కువగా పెట్టినా ఇలాగే పాకుతుంది కాబట్టి ముందు దాన్ని సరిచూసి, ఆ తరువాతే క్లచ్ విప్పాలి. మూడు స్ప్రింగులనూ ఒకే జతగా మార్చాలి, ఒక్కదాన్ని మాత్రమే మార్చడం పొరపాటు. కొండ ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్ లోపమే కానక్కరలేదు. అరిగి వెడల్పు తగ్గిన బెల్టు, బలం తగ్గిన వెనక పెద్ద స్ప్రింగు కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. అందుకే బెల్టు వెడల్పు కూడా అదే సమయంలో కొలుస్తాము.

రెండు పనులు మేము ఇకమీదట చేయము. మొదటిది, పాత షూల మీద బయట కొత్త లైనింగ్ (లైనర్) అంటించి వేయడం. ఖర్చు తగ్గుతుందని మీలో కొందరు కోరగా ఇన్నాళ్ళూ చేశాము. ఆ జిగురు ఘాట్ రోడ్డు వేడికి నిలవలేదు. ఒక బండిలో లైనర్ ఊడి బెల్‌కూ షూకూ మధ్య ఇరుక్కుపోయింది. అదృష్టవశాత్తూ అది నెమ్మదిగా వెళ్తుండగా జరిగింది, మలుపులో జరిగి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు. రెండోది, గట్టు పడిన బెల్‌ను లేత్ పట్టించి నున్నగా చేయడం. చూడటానికి కొత్తదానిలా ఉంటుంది గానీ లోపలి వ్యాసం మరింత పెరిగి, గోడ పలచబడి, అసలు సమస్య ఎక్కువవుతుంది. షూ మీద పేరుకున్న మెరుపును గరుకు కాగితంతో తీయడం మాత్రం మానము. లైనింగ్ మందం తగినంత ఉండి, నూనె తగలకుండా ఉంటే ఆ పని ఉపయోగపడుతుంది. అయితే అది తాత్కాలికమని అప్పుడే మీకు చెప్పి చేస్తాము. ఆ పొడిని గాలి పైపుతో ఊదకుండా తడిగుడ్డతో తుడవమని మా షాపులో పనిచేసే కుర్రవాళ్ళకు గట్టిగా చెప్పాను. పాత లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఏ లైనింగ్ పొడి అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు.

విడిభాగాల ఎంపికలోనూ మార్పు ఉంది. ఒక సరఫరాదారు దగ్గర తక్కువ ధరకు తెచ్చిన షూలలో మూడింటి బరువులు సమానంగా లేవని త్రాసులో పెట్టాక తెలిసింది. బరువు తేడా ఉంటే అవి ఒకేసారి విచ్చుకోవు, కొత్తవే అయినా వణుకు వస్తుంది. ఆ సరుకు మొత్తం తిరిగి ఇచ్చేశాను. బండి తయారీదారు పేరుతో వచ్చే అసెంబ్లీ గానీ, ఆ తయారీదారుకు సరఫరా చేసే కంపెనీ సరుకు గానీ మాత్రమే ఇకపై వేస్తాము. అది కొంత ఖరీదు ఎక్కువే, ఆ సంగతి దాచను.

మన ఊరి బండ్లకు క్లచ్ త్వరగా పోవడానికి కొండదారే పెద్ద కారణం. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 18 కిలోమీటర్లు ఎక్కుడే. ముందు బస్సు నెమ్మదించినప్పుడు బ్రేకు పట్టకుండా యాక్సిలరేటరుతోనే బండిని వాలులో నిలబెట్టడం చాలామందికి అలవాటు. ఆ కొద్ది క్షణాలలో షూలు సగం పట్టి సగం జారుతూ మండిపోతాయి. నిలపవలసి వస్తే బ్రేకుతో నిలపండి, కదిలేటప్పుడు ఒక్కసారిగా కాకుండా తడబాటు లేకుండా యాక్సిలరేటరు ఇవ్వండి. కొత్త షూలు వేసిన తరువాత మొదటి రెండు వందల కిలోమీటర్లు ఇద్దరు ఎక్కి సామానుతో కొండకు వెళ్ళకపోతే లైనింగ్ బెల్‌కు చక్కగా కుదురుకుంటుంది. దిగేటప్పటి సంగతి వేరు. 1944లో ప్రారంభమైన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నాము. పెట్రోలు కలిసివస్తుందని అక్కడ ఇంజను ఆపి దిగేవారు ఉన్నారు. ఇంజను ఆగితే షూలు విచ్చుకోవు, ఇంజను సాయం అందక బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. దయచేసి ఎవరూ అలా చేయకండి.

వాన నీళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. 2021 నవంబరు వరదల తరువాత మా దగ్గరికి వచ్చిన స్కూటర్లలో బెల్ లోపల తుప్పు పట్టినవి ఎన్నో ఉన్నాయి. రైల్వే అండర్‌బ్రిడ్జిలో నిలిచిన నీటిలోంచి బండి తెచ్చి ఉంటే, కవరు విప్పించి ఆరబెట్టించుకోవడం కొన్ని నిమిషాల పని.

బెంగళూరు, చెన్నై వైపు వెళ్తూ ఇక్కడ ఆగే పెద్ద మోటార్‌సైకిళ్ళ వారు కూడా డ్రై క్లచ్ పని చేస్తారా అని అడుగుతున్నారు. డుకాటి 1098 లాంటి బండ్లలో, చాలా మోటో గుజ్జిలలో, 2013కు ముందు నాటి బీఎండబ్ల్యూ బాక్సర్లలో ఉన్నది నిజంగానే పొడి క్లచ్. డుకాటిలో ప్లేట్ల మందంతో పాటు, ఆ ప్లేట్ల చెవులు తగిలే బాస్కెట్ పళ్ళలో గాడులు పడ్డాయేమో చూడాలి. గాడులు పడిన బాస్కెట్‌లో కొత్త ప్లేట్లు వేస్తే అవి సాఫీగా జరగవు. స్కూటరు బెల్ విషయంలో నేను చేసిన పొరపాటు అక్కడ కూడా జరిగే అవకాశం ఉంది. ఆ బండ్లకు కావలసిన పనిముట్లు, విడిభాగాలు మా దగ్గర లేవు, అందువల్ల ఆ పని మేము తీసుకోము.

ఇకపై క్లచ్ పనికి బండి ఇచ్చినప్పుడు ముందుగా బెల్ వ్యాసం, లైనింగ్ మందం, బెల్టు వెడల్పు కొలిచి, ఆ అంకెలను కంపెనీ హద్దు పక్కనే కాగితం మీద రాసి ఇస్తాము. కారుతున్న సీలు ఉంటే మీకు చూపిస్తాము. మీరు సరే అన్నాకే భాగాలు వేస్తాము, తీసిన పాత భాగాలు మీకే ఇస్తాము. కొలతకు విడిగా డబ్బు తీసుకోము. బెల్ హద్దు దాటినప్పుడు షూలు మాత్రమే వేయమని అడిగితే మాత్రం ఆ పని చేయలేమని ముందే చెబుతున్నాను, అందుకు నొచ్చుకోవద్దని మనవి.

గత ఏడాదిలో మా దగ్గర షూలు మాత్రమే మార్పించుకున్నవారు, బండి బాగానే నడుస్తున్నా ఒకసారి తీసుకురండి. ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పూట వస్తే బెల్ ఉచితంగా కొలిచి చూస్తాము. అది మార్చవలసి వస్తే మీరు భాగం ధర ఇస్తే చాలు, కూలీ మాదే. బిల్లు పోయినా పరవాలేదు, బండి నంబరు మా రిజిస్టరులో ఉంటుంది.