మా అబ్బాయి చదువు ఆగకుండా చూసినవారికి కృతజ్ఞతలు

మా అబ్బాయి చదివిన కథోలిక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులైన బ్రదర్ గారికి (కథోలిక సన్యాస సభ సభ్యులను బ్రదర్ అని పిలుస్తారు), ఉపాధ్యాయులకు, కార్యాలయ సిబ్బందికి, పూర్వ విద్యార్థుల సంఘం సభ్యులకు మా కుటుంబం తరఫున అందరి ముందూ కృతజ్ఞతలు తెలుపుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు బయటపెట్టవద్దని వారే కోరినందువల్ల పాఠశాల పేరుగాని, వ్యక్తుల పేర్లుగాని ఇక్కడ ఇవ్వడం లేదు.

నా భర్త పక్షవాతంతో మంచం పట్టేనాటికి అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. ఇంటికి వచ్చే ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది. అది ప్రభుత్వ నిధులతో నడిచే బడి కాదు. ఉపాధ్యాయుల జీతాలకైనా, ప్రయోగశాలకైనా, భవనాల మరమ్మతులకైనా పిల్లలు కట్టే ఫీజులే ప్రధానమైన ఆధారం. ఆ సంగతి తెలిసి ఫీజు మాఫీ చేయమని అడగడానికి నాకు మనసొప్పలేదు. అబ్బాయిని మరో బడిలో చేర్పిస్తామని, టీసీ ఇప్పించమని దరఖాస్తు రాసుకుని వెళ్లాను. బ్రదర్ గారు దాన్ని చదివి పక్కన పెట్టి, ముందుగా నా భర్త ఆరోగ్యం ఎలా ఉందో, ఆసుపత్రిలో తోడుగా ఎవరుంటున్నారో అడిగి తెలుసుకున్నారు. ఆ తరువాత, "అబ్బాయి చదువు సంగతి మాకు వదిలేయండమ్మా, మీరు ఆయన్ను చూసుకోండి" అన్నారు. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు.

పూర్వ విద్యార్థులు పోగుచేసిన సహాయ నిధి నుంచి పదో తరగతి పూర్తయ్యేవరకు అబ్బాయి ఫీజు జమ అయింది. ఆ డబ్బు కన్నా, దాన్ని ఇచ్చిన తీరు గురించి నేను ఎక్కువగా చెప్పాలి. అందరికీ ఇచ్చినట్టే మాకూ రసీదు ఇచ్చేవారు. ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు తరగతిలో చదివే అలవాటు ఆ బడిలో లేదు. సహాయం పొందుతున్న పిల్లలెవరో పాఠం చెప్పే ఉపాధ్యాయులకు కూడా తెలియనివ్వరు. అందువల్ల మా అబ్బాయి తోటిపిల్లల మధ్య తలెత్తుకునే తిరిగాడు, విహారయాత్రకు వెళ్లాడు, వక్తృత్వ పోటీలో పాల్గొన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇది ఎంత అవసరమో ఆ వయసు పిల్లలున్న తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. తండ్రి దగ్గర ఉండవలసి వచ్చి వాడు పోగొట్టుకున్న గణితం పాఠాలను బడి విడిచాక కూర్చోబెట్టి మళ్లీ చెప్పిన ఉపాధ్యాయినికి, ఇంట్లో చదువుకునే వీలు లేదని గ్రహించి గ్రంథాలయంలో సాయంత్రం వరకు ఉండనిచ్చిన గ్రంథపాలకులకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

ఈ పాఠశాలను నడిపేది జాన్ బాప్టిస్ట్ దె లా సాల్ స్థాపించిన బ్రదర్ల సభ. ఫ్రాన్సులోని రీమ్స్ నగరంలో సంపన్న కుటుంబంలో 1651లో పుట్టిన ఆయన పేదపిల్లల బడుల కోసం 1683లో ప్రధాన దేవాలయంలోని తన పదవిని వదులుకున్నారు. ఆ తరువాత వచ్చిన కరువులో తన ఆస్తిని ఆకలితో ఉన్నవారికి పంచిపెట్టారు. లాటిన్‌తో మొదలుపెట్టే ఆనాటి పద్ధతిని కాదని పిల్లలకు వారి మాతృభాషలోనే చదవడం నేర్పించారు. ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా, అంటే వారికి అండగా ఉండే పునీతునిగా, కథోలిక సంఘం 1950లో ప్రకటించింది. బడి వసారాలో ఉన్న ఆయన పటాన్ని అంతకుముందు ఎన్నోసార్లు చూశాను గాని, ఆ జీవితానికీ ఆ కార్యాలయంలో నాకు దక్కిన ఆదరణకూ ఉన్న సంబంధం ఆ రోజే అర్థమైంది.

మేము క్రైస్తవులం కాము. ఆ విషయం దరఖాస్తులోనూ ఉంది, మా పేర్లలోనూ తెలుస్తుంది. అయినా సహాయం చేసే ముందుగాని, చేసిన తరువాతగాని దాని ప్రస్తావన ఎవరూ తేలేదు. ప్రపంచ కథోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965లో విద్య గురించి వెలువరించిన ప్రకటనలో పేదలనూ, కుటుంబ ఆదరణ కరువైనవారినీ, తమ విశ్వాసాన్ని పంచుకోనివారినీ ప్రత్యేకంగా పట్టించుకోవాలని కోరారు. కాగితం మీద ఉన్న ఆ మాటను ఒక మహానగరంలో, వందలాది పిల్లల మధ్య, మా ఒక్క పిల్లవాడి విషయంలో మరిచిపోకుండా పాటించినవారిని నేను కళ్లారా చూశాను.

అబ్బాయి మంచి మార్కులతో పదో తరగతి పూర్తిచేసి పై చదువులో చేరాడు. నా భర్త ఇంటి దగ్గరే ఉండి చేయగలిగిన లెక్కల పని మొదలుపెట్టారు. ఆ సహాయ నిధికి మేము కూడా మా శక్తికొద్దీ నెలనెలా కొంత పంపుతున్నాము. మా వంటి స్థితిలో ఉన్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: టీసీ అడగడానికి ముందు మీ పరిస్థితిని ప్రధానోపాధ్యాయులకు దాచకుండా చెప్పండి. సహాయ నిధి ఉన్న బడులలో కూడా, మనం చెప్పకపోతే మన ఇబ్బంది వారికి తెలిసే దారి ఉండదు.