నా పనిలో చేయి వేసినవారికి కృతజ్ఞతలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లోని మిత్రులకు, నా వంటల వీడియోలు చూసే అక్కచెల్లెళ్లకు, పెద్దలకు నమస్కారం. కొన్ని నెలలుగా నా ఒంటి మీద, నేను తిన్న తిండి మీద సామాజిక మాధ్యమాల్లో నడిచిన ప్రచారం ఇప్పుడు చాలావరకు చల్లబడింది. అది దానంతట అదే చల్లబడలేదు. కొందరు పూనుకొని చల్లార్చారు. వారు ఏమేం చేశారో అందరి ముందు చెప్పి కృతజ్ఞతలు తెలుపుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. పేరు కనిపిస్తే చాలు, వారి వెంట కూడా పడేవారున్నారని ఇప్పుడు నాకు బాగా తెలుసు.

జరిగింది తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. వెక్కిరింపులు చపాట మిర్చి పచ్చడి వీడియోతో మొదలయ్యాయి. మన వరంగల్ ప్రాంతపు ఆ మిర్చి గుండ్రంగా ఉంటుంది కనుక దాన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. ఆ కాయనూ నన్నూ పక్కపక్కన పెట్టి ఎవరో ఒక బొమ్మ తయారుచేశారు; అప్పటి నుంచి నాకు అదే పేరు పెట్టారు. నేను లావు పెరిగిన మాట నిజమే, దాన్ని ఏనాడూ దాచలేదు కనుక ఆ వెక్కిరింపును ఎలాగో దిగమింగుకున్నాను. అసలు దెబ్బ తర్వాత తగిలింది. థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇచ్చి, మోచేతి దగ్గర దూది అదిమిపట్టుకొని ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎవరో తీసిన ఫొటో బయటికి వచ్చింది. హనుమకొండలో ఫలానా బండి దగ్గర సర్వపిండి తిని నేను ఆసుపత్రి పాలయ్యానని దాని కింద రాశారు. ఆ కథ ఒక చేతి నుంచి మరో చేతికి మారేసరికి కొవ్వు తీయించుకునే ఆపరేషన్ అయింది. ఇంకో చేతికి చేరేసరికి, కెమెరా ముందు తిని వెనక్కి వెళ్లి కక్కుతానన్నంత వరకు పోయింది. హోటళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటానన్న మాట ఎలాగూ పాతదే. (డబ్బు తీసుకొని చేసిన వీడియోల్లో ఆ సంగతి మొదట్లోనే చెబుతాను. మిగతా చోట్ల బిల్లు నేనే కడతాను.)

మొట్టమొదట కృతజ్ఞతలు చెప్పవలసింది ఆ సర్వపిండి బండి అక్కకు. పుకారు వల్ల నాకు నిద్ర పోయింది, ఆమెకు బేరం పోయింది. రోజూ చీకటి పడేలోపు అయిపోయే పిండి మిగిలిపోవడం మొదలైంది. ఆమె నన్ను నాలుగు తిట్టినా నా దగ్గర జవాబు ఉండేది కాదు. కానీ ఆమె ఫోన్ చేసి అన్న మాట ఇది: "నా దగ్గర తిని దవఖాన్ల పడ్డవని రాసిన్రట గదా చెల్లె. నువ్వు బుగులు పడి ఇంట్ల కూసుంటే నిజమే అనుకుంటరు. రా, నా ముందల కూసోని మళ్ల తిను, అందరు సూడని."

ఆ రోజు తీసిన వీడియోలో నేను మాట్లాడింది చాలా తక్కువ. ఆమే బియ్యప్పిండి డబ్బా మూత తీసి చూపించింది. నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, ఉప్పు, కారం వేసి, నీళ్లు చిలకరించుకుంటూ పిండి కలిపింది. నూనె రాసిన గుండ్రటి గిన్నె లోపల ఆ ముద్దను అడుగు నుంచి అంచుల దాకా పలుచగా ఒత్తి, చూపుడువేలితో తూట్లు పొడిచి, ఒక్కో తూటులో నూనె చుక్కలు వదిలి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచింది. అడుగు ఎర్రగా కాలాక గరిటెతో అంచు లేపి నా పళ్లెంలో వేసింది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బండికి కట్టుకొని ఉంది. దాన్ని కూడా కెమెరా ముందుకు తిప్పింది. ఆ వీడియో తర్వాత ఆమె బేరం మెల్లమెల్లగా కోలుకుంది.

తిండి నిజంగా వికటించిందని అనుమానం ఉన్నవారికి 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం దారి చూపింది. ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. కొన్నవారే రుసుము కట్టి ఆ పదార్థాన్ని ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే వీలు ఆ చట్టంలోని 40వ సెక్షన్ కల్పిస్తుంది. నా ఫొటోను ఊరంతా తిప్పినవారిలో ఎవరైనా ఆ గడప తొక్కినట్టు నేను వినలేదు.

తర్వాత నా ఆడబిడ్డ కూతురికి. సందేశాలు చదివే పని మొత్తం తనే తీసుకొని, కొన్ని వారాల పాటు నా ఫోన్ నా చేతికి రానివ్వలేదు. డిగ్రీ చదివే పిల్ల చేత ఆ రోత చదివించడానికి నాకు మనసొప్పలేదు. "నన్నంటలేరు గదా అత్తమ్మా, నాకేం తాకది" అన్నది. ప్రతి వ్యాఖ్యనూ, రాసినవారి ఖాతా పేరు, లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఒక నోటుపుస్తకంలో వరుసగా ఎక్కించింది. కోపంలో నేను తుడిచేయమన్న వాటిని కూడా తుడవకుండా దాచింది. "పట్టించుకోకు" అని నాకు చాలామంది చెప్పారు. ఆ మాట వెనుక మంచి మనసే ఉంది, కాదనను. కానీ నేను పట్టించుకోకుండా ఉండాలంటే నా బదులు ఇంకొకరు పట్టించుకోవాలి కదా. ఆ పని ఈ పిల్ల చేసింది.

ఆ నోటుపుస్తకాన్ని ముందు వేసుకొని కూర్చున్నది కోర్టులో ప్రాక్టీసు చేసే మా వదిన. ఆమె చేసిన సాయం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి బాధలో ఉన్న మరొకరికి అది పనికిరావచ్చు. వ్యాఖ్యలన్నింటినీ ఆమె మూడు రాశులుగా విడదీశారు. లావైందని, తిండిపోతని రాసినవి ఒక రాశి. అవి నోటి దురుసే తప్ప చాలావరకు నేరం కిందికి రావని ఖండితంగా చెప్పారు. చికాకు కలిగించే సందేశాలకు కూడా శిక్ష వేయగలిగిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది, కాబట్టి దాని పేరు చెప్పి కేసు పెట్టిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వవద్దని హెచ్చరించారు. ఆసుపత్రి కథ, ఆపరేషన్ కథ వంటి అబద్ధాలు రెండో రాశి. అవి 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టం కావచ్చు. అయితే దానికి పోలీసులు నేరుగా కేసు కట్టరు, మేజిస్ట్రేటు ముందు మనమే ఫిర్యాదు వేసుకోవాలి. నా ముఖాన్ని అశ్లీల చిత్రాలకు అతికించినవి, వద్దన్నకొద్దీ కొత్త ఖాతాలు తెరిచి పంపిన బూతు సందేశాలు మూడో రాశి. అన్నింటికన్నా చిన్న రాశి అదే. అదే సంహితలోని 78, 79 సెక్షన్లు, ఐటీ చట్టంలోని 67వ సెక్షన్ వర్తించేది ఇటువంటి వాటికేనని, పోలీసుల దగ్గరికి వీటితోనే వెళ్లాలని, అసలు సందేశాలున్న ఫోన్‌ను మార్చకూడదని, అమ్మకూడదని చెప్పారు.

వందల మాటలు ఒక్కసారిగా మీద పడుతున్నప్పుడు మనిషికి అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. వదిన కాగితాలు విడదీసి పెట్టాక, ఊరంతా నాకు శత్రువు కాదని, నిజంగా భయపడవలసినవారు గుప్పెడు మందేనని కళ్లారా చూశాను. ఆ రాత్రి నిద్రపోయాను.

ఆడవాళ్ల మీద వేధింపుల సంగతి చూసే షీ టీమ్ పోలీసులకు, ముఖ్యంగా నా ఫిర్యాదు తీసుకున్న మహిళా కానిస్టేబుల్‌కు ధన్యవాదాలు. 2014లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ఈ బృందాల గురించి విన్నానే కానీ, అవసరం పడుతుందని అనుకోలేదు. "మీరు అసలు వీడియోలు ఎందుకు పెడతారమ్మా?" అన్న ప్రశ్నకు ఇంటి దగ్గరే జవాబు తయారుచేసుకొని వెళ్లాను. ఆమె ఆ ప్రశ్న అడగలేదు. అతికించిన చిత్రాలున్న కాగితాలను బల్ల మీద తిరగేసి, ముఖం కిందికి పెట్టి మాట్లాడారు. ఆ గదిలోకి వచ్చిపోయేవారి కంట పడకూడదని అలా చేశారని నాకు కాసేపటికి గానీ తట్టలేదు. ఆ ఖాతాల వెనుక ఉన్నది ఒక కాలేజీ కుర్రవాడని తేలింది. తల్లిదండ్రులను పిలిపించి, వారి ఎదుటే అతనికి కౌన్సెలింగ్ ఇచ్చారు. కేసు దాకా వెళ్లవద్దని నేను తీసుకున్న నిర్ణయం మా వదినకు ఇప్పటికీ నచ్చలేదు. అయినా ఆ నిర్ణయానికి కట్టుబడే ఉన్నాను. ఇలాంటి వేధింపుల మీద జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. అందరికీ నోట నానిన 1930 నంబరు ముఖ్యంగా డబ్బు పోయిన మోసాల కోసం. ఆ చిత్రాలను తొలగించడానికి మా మేనకోడలు సామాజిక మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారికి విడిగా రాసింది. 2021 ఐటీ నియమాల ప్రకారం అలాంటి అధికారి ఉండి తీరాలన్న సంగతి కూడా వదిన చెబితేనే మాకు తెలిసింది.

మా డాక్టరమ్మకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే బరువు పెరగడం మామూలేనని, అందులో చాలావరకు ఒంట్లో నిలిచిపోయే ఉప్పూ నీరేనని, మాత్ర మొదలుపెట్టగానే మనిషి సన్నబడిపోతుందని ఆశపడవద్దని మొదటి రోజే చెప్పారు. మాత్రను పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకొని చాయ్‌కి అరగంట నుంచి గంట ఆగాలి (ఈ జబ్బులో నాకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే). మోతాదు కుదిరిందో లేదో 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షతో చూసుకోవాలి. ఇవన్నీ ఏ మంచి డాక్టరైనా చెప్పేవే. ఆమె అదనంగా చేసింది, నేను చెప్పని దాన్ని అడిగి రాబట్టడం. వీడియో కోసం తిన్న రోజున మర్నాటి దాకా పస్తు ఉంటున్నానని అలా బయటపడింది. ఆమె మందలించలేదు. మనసు వైద్యులతో మాట్లాడమని, రాత్రి వేళ గుబులుగా అనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఉంటారని రాసిచ్చారు. ఆ కాల్ ఉచితం. నేను చేశాను, వారు తొందరపెట్టకుండా విన్నారు. వెక్కిరించినవారి వెనకే బరువు తగ్గించే పొడులు, కషాయాలు అమ్మేవారు సందేశాల్లోకి వరుస కట్టారు. ఆ డబ్బాల ఫొటోలన్నీ డాక్టరమ్మకు చూపించి, ఆమె వద్దన్నాక అందరినీ బ్లాక్ చేశాను.

ఇంట్లో మా అత్తమ్మ చేసిన సాయం వేరే రకం. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఒక దూరపు చుట్టం అందరూ వినేలా, "కోడలికి ఆపరేషన్ అయిందట గదా?" అని అడిగింది. అత్తమ్మ తాంబాలం కింద పెట్టకుండానే, "అయితే మరి సూడరాకపోతివి?" అన్నది. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు, నేనూ చాలా రోజుల తర్వాత బయట నలుగురిలో నవ్వాను. మలీద ముద్ద పంచుకున్నాం. ఆ చుట్టానికీ ఒకటి పెట్టింది.

చపాట మిర్చి పండించే నర్సంపేట వైపు రైతు ఒకాయన ఏనుమాముల మార్కెట్‌కు వచ్చినప్పుడు మనిషితో చిన్న సంచి నిండా ఎండుమిర్చి పంపించారు. ఆ కాయకు కారం తక్కువ, రంగు ఎక్కువ, రేటు కూడా ఎక్కువేనని, ఆ పేరు పెట్టినవారికి మిర్చి గురించి ఏమీ తెలియదని కబురు చెప్పారు. ఆయనకు నమస్కారాలు. కరీంనగర్, ములుగు వైపుల్లో నాలాగే వంటల వీడియోలు చేసే ఇద్దరు అక్కలు, ఈ గొడవ మీద వీడియో చేస్తే ఎంతమంది చూస్తారో తెలిసి కూడా చేయలేదు. బయటికి కనిపించని ఈ సాయాన్ని నేను గుర్తించానని వారికి తెలియాలి.

వీక్షకుల్లో ఆ ఫొటోను చడీచప్పుడు లేకుండా రిపోర్టు చేసినవారికి, తమ కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో "ఇది అబద్ధం" అని ఒక్క వాక్యం రాసినవారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. మేనమామకో, బావగారికో ఎదురుచెప్పి అలా రాయడం మన ఇళ్లలో తేలిక కాదు. ముందు ఆ ఫొటోను పంపి, తర్వాత అదే గ్రూపులో తప్పు దిద్దుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ నా తరఫున ఎదుటివారి తల్లిని, చెల్లిని బూతులు తిట్టినవారికి మాత్రం కృతజ్ఞత చెప్పలేకపోతున్నాను. మీ అభిమానం అర్థమైంది. ఆ తిట్లకు జవాబులు, ఆ జవాబులకు మళ్లీ తిట్లు పెరిగినకొద్దీ ఆ ఫొటో ఇంకా ఎక్కువమంది కంట పడింది. అది కూడా మా మేనకోడలి నోటుపుస్తకంలో ఉంది.

ఎవరి ఫోన్‌లోనైనా ఆ ఆసుపత్రి ఫొటో ఇంకా ఉంటే దయచేసి తీసేయండి. బెంచీ మీద నా పక్కన ముసుగు కప్పుకొని కూర్చున్న ఒక ముసలమ్మ కూడా అందులో ఉన్నది. ఆమెను ఎవరూ అడగలేదు. ఇక నా వీడియోల కింద ఉప్పు ఎక్కువైందని, కొలత తప్పిందని, మా ఊళ్లో ఇలా చేయరని ఎంత ఘాటుగా రాసినా ఉంచుతాను, జవాబు కూడా ఇస్తాను. ఒంటి గురించి రాస్తే ఆ వ్యాఖ్య ఉండదు. తొలగించే అధికారం మేనకోడలికే ఇచ్చాను. ఆమె పరీక్షలు అయ్యేదాకా రాత్రి పూట ఒక్కసారే చూస్తుంది, కాబట్టి కాస్త ఆలస్యం కావచ్చు.