ఓఎల్‌ఈడీ బెస్టు అన్నారు, షరతులు మాత్రం చెప్పలేదు: మానిటర్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

అనంతపురం

కస్టమర్ సర్వీసు మేనేజరు గారికి,

విషయం: 27 అంగుళాల ఓఎల్‌ఈడీ గేమింగ్ మానిటర్‌లో బర్న్-ఇన్ (ఒకే బొమ్మ చాలాసేపు నిలిచి తెర మీద పడే చెరగని మచ్చ), వారంటీ నిరాకరణ, కొనకముందు మీ చాట్‌లో ఇచ్చిన తప్పుడు సలహా.

అయ్యా,

కొనకముందు మీ చాట్‌లో నా వాడకం మొత్తం రాశాను. పగలు ఎనిమిది గంటలు ట్యాలీ, ఎక్సెల్. రాత్రి రెండు గంటలు గేము. గదికి పడమటి కిటికీ. మీ 27 అంగుళాల ఓఎల్‌ఈడీ మంచిదా, 34 అంగుళాల అల్ట్రావైడ్ (బాగా వెడల్పు తెర) ఐపీఎస్ (వెనక దీపంతో వెలిగే ఎల్‌సీడీ రకం) మంచిదా అని అడిగితే, "ఓఎల్‌ఈడీ అన్నిట్లోనూ బెస్టు, కళ్లు మూసుకుని తీసుకోండి" అని జవాబు వచ్చింది. ఏడు నెలలకు తెర అడుగున టాస్క్‌బార్ ఉండే చోట ఒక పట్టీ, కుడివైపు ట్యాలీ బటన్ల వరుస తేలాయి. తెరంతా 50 శాతం బూడిదరంగు పెట్టి చూస్తే ఎవరికైనా కనబడతాయి. మీ సర్వీసు సెంటరు "వాడకం లోపం, వారంటీలో రాదు" అని రాసిచ్చి చేతులు దులుపుకుంది. చాట్ నకలు, బిల్లు, ఫొటోలు, ఆ చీటీ జతచేశాను.

వాడకం లోపం అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనకు తానే ఒక దీపం. ఎక్కువ వెలిగింది ఎక్కువ అరుగుతుంది, అందులోనూ నీలం ముందు అరుగుతుంది. నా టాస్క్‌బార్ నల్లగా ఉంటుంది కాబట్టి అక్కడి పిక్సెళ్లు పెద్దగా అరగలేదు. పైన తెల్లటి ఎక్సెల్ షీటు వెలిగిన భాగం అరిగింది. అందుకే ఇప్పుడు ఆ పట్టీ చుట్టుపక్కల కంటే కాంతిగా కనిపిస్తోంది. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజులు, ఏడు నెలలు అంటే దాదాపు 1,450 గంటలు ఒకే బొమ్మ నిలబడింది. ఈ లెక్క కొనకముందే మీ ముందు పెట్టాను. అంటే లోపం వాడకంలో లేదు, ఆ వాడకానికి ఈ తెర అంటగట్టిన సలహాలో ఉంది.

"పిక్సెల్ రిఫ్రెష్ నడపలేదు" అన్నది మీ వాళ్ల రెండో మాట. అంటే పిక్సెళ్ల వెలుతురు తేడాను సర్దే పని. మీ మాన్యువల్ ప్రకారం నాలుగు గంటల వాడకం నిండాక, తెర స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు అది దానంతటదే కొన్ని నిమిషాలు నడుస్తుంది. అయితే స్టాండ్‌బైలో కరెంటు ఉండాలి. మా వైపు పని ముగిస్తే గోడ మీది స్విచ్ కట్టేయడం అలవాటు, పైగా ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు పోయిన ప్రతిసారీ ఆ సర్దుబాటు ఆగిపోతుంది. "గోడ స్విచ్ ఆపకండి" అని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఒక్క ముక్క రాస్తే మీకేం ఖర్చు? ఇంకోటి, ఈ రిఫ్రెష్ అరిగిన పిక్సెల్‌ను కొత్తది చేయదు. వెలుతురు తేడాను సర్దుతుంది, అంతే. వేడి కూడా అరుగుదల పెంచుతుంది. మాన్యువల్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు అని వేశారు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో బయట 40 దాటడం వింతేమీ కాదు.

మీ పేజీలో "1000 నిట్స్" (వెలుతురు కొలత) అని మెరిసే అంకె ఉంది. అది తెరలో మూడు శాతం భాగం వెలిగినప్పటి మాట. తెల్లటి షీటు తెరంతా పరిస్తే దాదాపు 250కి దిగుతుంది. మామూలు ఐపీఎస్ 300 నుంచి 400 దాకా నిలకడగా ఇస్తుంది. పైగా ఇది క్యూడీ-ఓఎల్‌ఈడీ అనే రకం, ముందు పోలరైజర్ (బయటి వెలుతురు తిరిగి రాకుండా ఆపే పొర) లేదు. సాయంత్రం కిటికీ వెలుతురు పడితే మీరు గొప్పగా చెప్పే నలుపు బూడిద ఊదాగా మారుతుంది. సబ్‌పిక్సెళ్లు (పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు) వరుసగా కాక త్రికోణంగా ఉండటంతో, విండోస్‌లో అక్షరాలను నునుపుచేసే క్లియర్‌టైప్ లెక్క తప్పి అక్షరాల పైనా కిందా ఆకుపచ్చ, గులాబీ అంచులు వస్తాయి. అంగుళానికి 109 పిక్సెళ్ల దగ్గర తెలుగు ఒత్తులు, గుడులు చిన్న సైజులో అలుక్కుపోతాయి.

ఐపీఎస్‌కు కొమ్ములున్నాయని నేననడం లేదు. కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల తేడా) 1000:1 దగ్గరే, చీకటి గదిలో మూలలు తెల్లగా మెరుస్తాయి. "1 ఎంఎస్" (పిక్సెల్ రంగు మారడానికి ఒక మిల్లీసెకను) అన్నది ఓవర్‌డ్రైవ్ (ఆ మార్పును వేగిరపరిచే సెట్టింగు) పైకెక్కిస్తేనే వస్తుంది, అప్పుడు కదిలే బొమ్మ వెనక విలోమ నీడ కనిపిస్తుంది. మీ అల్ట్రావైడ్ పేజీలోనూ ఒక దాపరికం ఉంది. 3440×1440 తెరకు 165 హెర్ట్జ్ (సెకనుకు 165 సార్లు బొమ్మ మారడం) డిస్‌ప్లేపోర్ట్ అనే కేబుల్ పోర్టు మీదనే వస్తుంది. మీరిచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 పోర్టులో దాదాపు 100 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే 144 హెర్ట్జ్‌కే సెకనుకు 17 గిగాబిట్లు కావాలి, ఆ పోర్టు మోసేది 14.4. గ్రాఫిక్స్ కార్డు 27 అంగుళాల 1440పీ (2560×1440) తెర కంటే 34 శాతం ఎక్కువ పిక్సెళ్లు గీయాలి. ఇవన్నీ తెలిసే అడిగాను. తెర ఎత్తు రెంటికీ దాదాపు సమానమే, వెడల్పు 20 సెంటీమీటర్లు ఎక్కువ. రెండు షీట్లు పక్కపక్కన పెట్టుకునేవాడికి అదే అసలు లాభం.

అసలు "ఓఎల్‌ఈడీయా, అల్ట్రావైడా" అని మీ పేజీలో పెట్టిన పోలిక పట్టికే తప్పు. ఒకటి ప్యానెల్ రకం, ఇంకొకటి తెర ఆకారం. అల్ట్రావైడ్ ఓఎల్‌ఈడీలు 2022 నుంచే మార్కెట్లో ఉన్నాయి.

నేను కోరేది ఇది. ఈ మానిటర్ వెనక్కి తీసుకుని 34 అంగుళాల ఐపీఎస్ ఇచ్చి, ధరలో తేడా తిరిగి చెల్లించండి. అది కుదరదంటే వారంటీ కింద ప్యానెల్ ఉచితంగా మార్చండి. మార్చిన ప్యానెల్‌కు బర్న్-ఇన్ వారంటీ ఎంతకాలమో రాతపూర్వకంగా ఇవ్వండి. పేజీలో నిట్స్ పక్కన శాతం, హెర్ట్జ్ పక్కన పోర్టు పేరు వేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనంతపురం జిల్లా కమిషన్‌కు వెళ్తాను. కొనుగోలుదారు నివసించే చోటే కేసు వేయవచ్చని ఆ చట్టంలోనే ఉంది, కాబట్టి మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా తేడా ఉండదు. మానిటర్‌ను ఉన్నది ఉన్నట్టుగా పెట్టెలో భద్రపరిచాను. మీ టెక్నీషియన్ వచ్చి చూడాలంటే ముందురోజు ఫోన్ చేసి రావచ్చు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు