బ్లూబర్డ్ అభిమానులది పిచ్చి కాదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆదివారం సంచికలో నేల మీదా నీటి మీదా స్పీడు రికార్డులు కొట్టిన బ్రిటన్ మనిషి డోనాల్డ్ క్యాంప్‌బెల్ గురించి వేసిన చిన్న వార్తకు కాస్త ఆలస్యంగా రాస్తున్నాను. స్పీడు పిచ్చితో ఒకాయన ప్రాణం పోగొట్టుకున్నాడనీ, ఆయన పడవ బ్లూబర్డ్‌ను పట్టుకుని అభిమానులు ఇంకా వేలాడుతున్నారనీ ఉంది అందులో. పైగా ఆ పడవ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతూ సముద్రంలో మునిగిందట. అది సముద్రం కాదండీ, ఇంగ్లండ్‌లో కోనిస్టన్ అనే ఊరి పక్కనున్న సరస్సు. 300 కిలోమీటర్లు కాదు, 300 మైళ్లు దాటింది. మన లెక్కలో 480 కిలోమీటర్ల పైమాటే. మైలుకూ కిలోమీటరుకూ తేడా చూసేవాళ్లు మీ డెస్కులో ఒక్కరూ లేరా?

1967 జనవరి 4 ఉదయం జరిగింది ఇది. రికార్డుగా లెక్కలోకి రావాలంటే గంటలోపు రెండు దిక్కులా పరుగు తీయాలి, రెండింటి సగటు చూస్తారు. బ్లూబర్డ్ కె7 మొదటి పరుగులో గంటకు 297.6 మైళ్లు అందుకుంది. మొదటి పరుగుకు రేగిన అలలు సర్దుకునేదాకా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా క్యాంప్‌బెల్ వెంటనే తిరుగు పరుగు మొదలుపెట్టాడు. 320 మైళ్లు దాటాక పడవ ముక్కు లేచింది. గాల్లో వెనక్కి పల్టీ కొట్టి నీళ్లను గుద్దుకుంది. ఆయన వెంట ఉంచుకునే టెడ్డీబేర్ బొమ్మ నీళ్ల మీద తేలింది గానీ మనిషి దొరకలేదు. నేవీ డైవర్లు వెతికినా లాభం లేకపోయింది.

ఆయన అప్పటికే ఆ ఒక్క పడవతో 7 ప్రపంచ రికార్డులు కొట్టాడు. 1955లో 202 మైళ్లతో మొదలుపెట్టి 1964 డిసెంబర్ 31న ఆస్ట్రేలియాలో 276.33 దాకా వెళ్లాడు. అదే ఏడాది నేల మీద కారుతో కూడా రికార్డు సాధించాడు. ఒకే ఏడాదిలో నేల మీదా నీటి మీదా రికార్డు కొట్టిన మనిషి మరొకరు లేరు. ఒక్క మాట 'పిచ్చి' అని ఇదంతా తుడిచేస్తారా? ఇంకో సంగతి. చివరి రోజున ఆ పడవలో ఉన్నది ఆర్ఫియస్ జెట్ ఇంజిన్. మన వాయుసేన నాట్ యుద్ధ విమానాలకు అప్పట్లో ఉన్నదీ అదే. బెంగళూరులో హెచ్ఏఎల్ వాళ్లు లైసెన్సు తీసుకుని ఆ ఇంజిన్లే తయారు చేశారు. మన పాఠకులకు చెప్పాల్సింది ఇలాంటి కబురు కదా!

ఇక అభిమానుల సంగతి. 2001 మార్చి 8న బిల్ స్మిత్ అనే డైవర్ బృందం పడవను పైకి తీసినప్పుడు అది సమాధి, ముట్టుకోకూడదు అని బాధపడ్డవాళ్లున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా విశాఖ తీరానికి దగ్గర్లోనే ఉంది, లోపలి మనుషులతో సహా. దాన్ని పైకి లాగమని ఇక్కడ ఎవరూ అడగరు. కానీ కోనిస్టన్‌లో పడవ బయటికొచ్చిన రెండున్నర నెలలకు అదే బృందానికి క్యాంప్‌బెల్ అవశేషాలూ దొరికాయి. 34 ఏళ్ల తర్వాత ఆ సెప్టెంబర్‌లో అదే ఊళ్లో అంత్యక్రియలు జరిగాయి. ఒక కూతురికి తండ్రి సమాధి దక్కింది. దీన్ని శవాన్ని తవ్వుకోవడంలా రాయడానికి మీ విలేకరికి చేయి ఎలా వచ్చిందో!

ఆ తర్వాతి కథ మీ వార్తలో అసలు లేదు. కుటుంబం ఆ శిథిలాన్ని 2006లో కోనిస్టన్‌లోని రస్కిన్ మ్యూజియానికి ఇచ్చింది. మళ్లీ పరుగెత్తేలా బాగుచేయడానికి బ్రిటన్‌లో పాత సంపదను కాపాడే పనులకు లాటరీ సొమ్ము పంచే వారసత్వ నిధి డబ్బు ఇవ్వలేదు. స్మిత్, ఆయన వాలంటీర్లు జీతం లేకుండా ఏళ్ల తరబడి రేకు రేకూ సరిచేసి, 2018 ఆగస్టులో స్కాట్లండ్‌లోని లాక్ ఫ్యాడ్ సరస్సులో నడిపి చూపించారు. తర్వాత పడవ ఎవరి దగ్గర ఉండాలని మ్యూజియానికీ స్మిత్ బృందానికీ వచ్చిన గొడవ లాయర్ల దాకా పోయింది. 2024 మార్చిలో గానీ అది కోనిస్టన్ చేరలేదు. ఆ గొడవలో బాగుచేసినవాళ్ల కష్టానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. పడవ సొంత ఊరు చేరడం మాత్రం న్యాయమే. రెండు పక్షాల అభిమానులూ అంతగా పోట్లాడుకున్నారంటే ఆ పడవ అందరికీ తమదే అనిపించబట్టే.

మన దగ్గర అలా పోట్లాడేవాళ్లే కరువయ్యారు. 1971 యుద్ధంలో తూర్పు తీరాన్ని కాసిన మొదటి విక్రాంత్ విమానవాహక నౌకను ఏం చేశాం? నిలబెట్టడానికి డబ్బు లేదన్నారు, 2014లో తుక్కు కింద అమ్మేశారు. కోర్టుకెక్కినవాళ్ల మాట చెల్లలేదు. ఓడల పనిలో జీవితమంతా గడిపిన నాలాంటివాడికి ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. ప్రారంభోత్సవాలకు, ఫ్లెక్సీలకు దొరికే డబ్బు తుప్పు గోకి రంగు వేయడానికి ఎప్పుడూ దొరకదు. 2018 నవంబర్‌లో విజయవాడలో కృష్ణా నది మీద పవర్‌బోట్ ఫార్ములా వన్ పోటీలు ఘనంగా పెట్టారు. ఒడ్డున జనం కూడా బాగానే చేరారు. తర్వాత ఆ ఊసే లేదు. ఒక్క పని మాత్రం సరిగ్గా జరిగింది. కురుసుర జలాంతర్గామిని 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టారు. పిల్లలు ఇప్పటికీ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి, ఇంత ఇరుకులో మనుషులు ఎలా పడుకున్నారని అడుగుతున్నారు. విక్రాంత్ ఉండి ఉంటే ఇంకెన్ని అడిగేవారో.

దయచేసి వేగం లెక్కను, సరస్సు పేరును సరిచేసి సవరణ వేయండి. అది లోపలి పేజీలో మూలన కాకుండా వార్త వచ్చిన పేజీలోనే, పడవను బాగుచేసిన వాలంటీర్ల గురించి కనీసం నాలుగు వాక్యాలతో రావాలి.

— ఓడల తయారీలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు, విశాఖపట్నం