విహారయాత్రల విభాగం: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది విశాఖ చుట్టుపక్కల మన సంఘం తిరిగిన చోట్లు పాతవే. మార్చిందల్లా ఏ చోటికి ఏ రోజు, ఏ పూట వెళ్లాలన్నదే. దానివల్లే అలసట బాగా తగ్గింది.

బీచ్ రోడ్డు యాత్ర ఇకపై సోమవారం ఉండదు. ఆ రోజు అక్కడ మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామికి సెలవు. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసిన ఈ సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. ఒక అర నుంచి ఇంకో అరలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. ముందు ఒక కాలు వేసి, తల బాగా వంచి, నడుము జరిపి, ఆఖరున రెండో కాలు లాక్కోవాలి. తల ముందు పెడితే నుదురు ఇనుముకు కొట్టుకుంటుంది. వెనక వరస కదులుతూనే ఉంటుంది కాబట్టి మధ్యలో తిరిగి రావడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఎదురుగా ఉన్న టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం దగ్గర ఆగడం మేలు.

ఆర్కే బీచ్‌లో స్నానాలకు అనుమతించలేదు, ఇకముందూ అనుమతించం. తీరం ఒక్కసారిగా లోతవుతుంది. వెనక్కి వెళ్లే కెరటం కాళ్ల కింద ఇసుకను తోడేస్తుంది. ఈతగాళ్లకూ అక్కడ పట్టు దొరకదు.

బొర్రా గుహలకు వెళ్లేటప్పుడు పొద్దుటి కిరండూల్ రైలు, వచ్చేటప్పుడు బస్సు. సొరంగాలు, లోయలు రైల్లోంచే బాగా కనిపిస్తాయి. ఆ రైలు నడిచే కేకే లైను (కొత్తవలస–కిరండూల్) ముఖ్యంగా ఇనుప ఖనిజం కోసం వేసింది, గూడ్సుల వల్ల ఆలస్యం మామూలే. అందుకని దిగిన వెంటనే భోజనం, ఆ తర్వాతే గుహ. పైనుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడి మెట్లు జారతాయి, పట్టున్న చెప్పులే వేసుకోవాలి. గుహ బయట కోతులున్నాయి, చేతిలో తిండి సంచి పట్టుకోవద్దు. వాంతులయ్యేవాళ్లు ఘాట్‌రోడ్డు దిగేముందు కడుపునిండా తినకూడదు.

మాకు ఎక్కువ పట్టింపు ఉన్నది భీమిలి రోడ్డు మీద. పాత బౌద్ధ క్షేత్రమైన తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. కొండ మీద నీడ తక్కువ, ఎనిమిదింటికల్లా పైనుండాలి. స్తూపం ఇటుకల మీద కూర్చోవద్దని పిల్లలకు బస్సులోనే చెప్పాలి. ఎర్రమట్టి దిబ్బలకు సాయంత్రం మంచిది, ఏటవాలు ఎండలో గండ్ల అంచులు విడివిడిగా తెలుస్తాయి. అది గట్టి మట్టి కాదు, ఇసుక. అంచు మీద నిలబడితే కింద పెళ్ల విరిగిపడుతుంది, అడుగుపడిన చోటే వచ్చే వానకు కొత్త గండి పడుతుంది. కాబట్టి నడక గండి అడుగునే. వాన మబ్బుంటే యాత్ర రద్దు, ఆ గండ్లే నీటికి దారి. గుప్పెడు మట్టి కూడా ఇంటికి తేవద్దు.

వచ్చే ఏడాదికి అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండను చేర్చాం. మెట్లెక్కాలి కనుక చలికాలంలోనే పెడతాం. ఇష్టమున్నవాళ్లు ముందుగా పేర్లివ్వండి, ఎన్ని సీట్ల బస్సు కావాలో అప్పుడే తేలుతుంది.