ఆరోగ్యశాఖ ముఖ్య కార్యదర్శి గారికి: అంగిలి ఆపరేషన్ తర్వాత సంగతులూ నమోదు చేయించండి

అయ్యా,

శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఎందరో ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అంగిలి క్యాన్సర్‌కు అది దారి తీస్తుంది.

ఆపరేషన్‌తో ప్రాణం దక్కినా, అంగిలి తీసిన చోట నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం మిగులుతుంది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేస్తుంది, మాట ఎదుటివాళ్లకు అర్థం కాదు. దాన్ని మూయడానికి కట్టుడు పళ్ల సెట్టు లాంటి ఆబ్చురేటర్ పెట్టొచ్చు. లేదా కాలి ఎముకనో ముంజేతి చర్మాన్నో రక్తనాళాలతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద మెడ నాళాలకు కుట్టొచ్చు. పళ్లూడిపోయి సెట్టుకు ఆనిక లేని పెద్దామెకు ఏది మేలు? మన రోగులను చూసే చెప్పాలి.

అలాంటి పరిశోధన మన దేశంలో జరిగింది. తొలిదశ నోటి క్యాన్సర్‌లో క్యాన్సర్ పాకే మెడ లింఫ్ గ్రంథులను ముందే తీయాలా, జబ్బు అక్కడ కనబడ్డాక తీయాలా అని ముంబై టాటా మెమోరియల్ వైద్యులు పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది: మూడేళ్లకు బతికున్నవారు మొదటి పద్ధతిలో 80 శాతం, రెండోదానిలో 67.5 శాతం. ఎంత తేడా!

ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగే ప్రతి అంగిలి ఆపరేషన్‌కూ ఆరు నెలలకు, ఏడాదికి తిండి, మింగడం, మాట ఎలా ఉన్నాయో నమోదు చేయించండి. విశాఖ కేజీహెచ్, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులతో మొదలుపెట్టండి. తిరిగి చూపించుకోవడానికి వచ్చేవారికి బస్సు ఖర్చులివ్వండి. సమ్మతి పత్రాన్ని వాళ్ల యాసలో చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకోవాలి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర పౌరురాలు