జనగణనలో మతం గడి నింపే ముందు ఇంటివాళ్లను అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచ ఆదివాసీ మతాల మీద వచ్చిన పేజీ చదివాను. న్యూజిలాండ్ మావోరీల నది, అమెరికాలో టావోస్ ప్యూబ్లో వారి సరస్సు, ఆఫ్రికాలో పూర్వీకుల పూజ, అన్నీ ఫొటోలతో సహా బాగున్నాయి. మా వంతు వచ్చేసరికి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఆదిలాబాద్ గోండులు చెట్టును, పుట్టను, పామును కొలుస్తారనీ, వారివి అమాయకమైన నమ్మకాలనీ రాశారు. నేను గోండు ఇంట పుట్టి, మెస్రం వారి ఇంట మెట్టినదాన్ని. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. అమాయకత్వం సంగతి అలా ఉంచి, ముందు ఆ పుట్ట గురించి చెబుతాను.

కేస్లాపూర్ మా మెస్రం వంశ నాగదేవత నాగోబా కొలువైన ఊరు. అక్కడి పుట్టను మనుషులు కడతారు. పుష్య అమావాస్య జాతరలో మెస్రం ఇంటి ఆడపడుచులు, అల్లుళ్లు కోనేటి నీళ్లు తెచ్చి, మట్టి కలిపి, తమ చేతులతో దాన్ని తయారుచేస్తారు. ఆ నీళ్లు పట్టే కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గరి నుంచి రావాలి. ఇంకెక్కడైనా చవగ్గా దొరికినా పనికిరావు. నాగోబాకు అభిషేకం చేసే గోదావరి జలం జన్నారం మండలం హస్తినమడుగు నుంచి రావాలి. కటోడా, అంటే పూజారి, ముందు నడుస్తుంటే, తెల్లబట్టలు కట్టుకున్న మెస్రం పెద్దలు చెప్పులు లేకుండా రోజుల తరబడి నడిచి ఆ నీళ్లు తెస్తారు. మా మామగారు మోకాళ్లు సహకరించినన్నాళ్లు వెళ్లారు. బస్సుంది కదా అని ఎవరైనా అంటే ఆయన జవాబు చెప్పేవారు కాదు, అన్నవాళ్ల చెప్పుల వైపు చూసేవారు.

జాతరలో వంట సంగతి కూడా రాయాలి. మెస్రం వంశంలో ఇరవై రెండు కితలున్నాయి, అంటే శాఖలు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా నైవేద్యం వండే పొయ్యిలు ఇరవై రెండే. ఎవరి కిత పొయ్యి దగ్గర వాళ్లు వరుసలో కూర్చోవాల్సిందే. కారులో వచ్చిన ఉద్యోగి భార్య అయినా, కూలికి వెళ్లే ఆమె అయినా అంతే. పొగకు కళ్లు మండుతుంటాయి, వెనక ఉన్నవాళ్లు తొందరపెడుతుంటారు, ముందున్న వదిన గారి జొన్నగటక ఎంతకీ ఉడకదు. ఆ వరుసలో తగవులు రావని అనను. వస్తాయి, ఇరవై మూడో పొయ్యి మాత్రం రాలేదు.

ఆ ఏడాది వంశంలో కన్నుమూసిన వారికి అక్కడే తూం చేస్తారు. పోయినవారు పెద్దల్లో, పేన్‌లో, అంటే దైవంలో, కలిసేది ఆ కర్మతోనే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లను నాగోబాకు చూపించే భేటింగ్ కూడా అక్కడే. పెళ్లయి, వారి ఇంట్లో వండి వడ్డిస్తున్నా, నా భేటింగ్ జరిగేదాకా వంశ పూజలో నాకు చోటు లేదు. జనవరి చలిలో, మహాపూజ అయ్యాక నడిరాత్రి, తెల్లచీర కట్టించి ముసుగు వేసి, ఒక ముసలావిడ నా మణికట్టు పట్టుకుని నడిపించింది. ముసుగులోంచి నాకు ముందున్న ఆమె మడమలు తప్ప ఏమీ కనిపించలేదు. దేవుడి ఎదుట నిలబడ్డాక ముసలావిడ నా పేరు చెప్పలేదు, నేను ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వచ్చానో చెప్పింది. ఎమ్మే చదివినదాన్ని కదా, అప్పుడు కాస్త చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు కొత్త కోడళ్ల ముసుగులు నేనే సర్దుతున్నాను.

అసలు మాలో ఎవరు ఎవరిని పెళ్లాడాలో తేల్చేది కూడా దేవతల లెక్కే. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు, అంటే వర్గాలు, ఉన్నాయి. ఒకే సగలో పుట్టినవాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వారి మధ్య పెళ్లి మాట ఎత్తకూడదు. ఏ వంశం ఏ సగలోదో, మా పెద్ద దేవుడు పెర్సాపేన్ ఎవరికి ఎలా దక్కాడో మా వంశగాయకులైన ప్రధాన్‌లు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడతారు. గ్రంథం లేదు కదా అని కొందరు అడుగుతుంటారు. ఆ పాటలో ఒక పేరు ముందువెనకలైతే మా ఊరి ముసలివాళ్లు చెయ్యెత్తి ఆపడం నేను చూశాను. అచ్చుతప్పుల విషయంలో మీ పత్రిక కూడా అంత కచ్చితంగా ఉంటే బాగుండును.

ఇవేవీ మీ పత్రికలో రాలేదని కాదు. జాతర వార్త ఏటా వస్తుంది. వచ్చేది మాత్రం దర్బారు ఫొటో, వేదిక మీద మంత్రి, పక్కన అధికారులు. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీమ్ నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. జనమంతా ఒకచోట చేరే సమయం అదేనని గమనించి, అధికారులే అక్కడికి వచ్చి వినేలా ఆయన ఆ దశాబ్దంలోనే దర్బారు పెట్టించారు. అధికారులు వినాలని పెట్టిన సభలో ఇప్పుడు మేము వింటున్నాం.

ఇక ఈ లేఖ రాయడానికి అసలు కారణం. 2027 మార్చి 1 నాటికి దేశ జనాభా ఎంతో తేల్చే జనగణన జరుగుతోంది. మనుషుల లెక్క తీసేది ఫిబ్రవరిలో. 2011లో నేను ఎన్యూమరేటర్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునే ఉద్యోగిగా, పనిచేశాను. మతం ప్రశ్నకు అప్పుడు ఆరు అంకెలు ఇచ్చారు. హిందువులకు 1, ముస్లింలకు 2, క్రైస్తవులకు 3, సిక్కులకు 4, బౌద్ధులకు 5, జైనులకు 6. వీటిలో లేని మతమైతే అంకె వేయకుండా పేరు పూర్తిగా రాయాలి. ఇంటివారు ఏది చెబితే అది ఉన్నదున్నట్టు రాయాలనీ, ఇంటి పెద్ద మతమే అందరిదీ అనుకోకూడదనీ మాకు ఇచ్చిన సూచనల పుస్తకంలో స్పష్టంగా ఉంది. నిబంధన చక్కగానే ఉంది.

శిక్షణ ఇచ్చిన అధికారి మాత్రం, "ఏజెన్సీ ఊళ్లలో ఈ ప్రశ్న దగ్గర ఆగకండి, ఒకటో అంకె వేసుకుంటూ పోండి, లేకపోతే పని తెమలదు" అన్నారు. నేను లేచి పుస్తకంలో ఆ పేజీ చూపించాను. "మీ ఊళ్లో మీరు అలాగే రాసుకోండి మేడమ్" అన్నారు. రాసుకున్నాను. మిగతా ఊళ్ల సంగతి ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు.

అంకె లేకుండా, అడిగేవారు లేకుండా కూడా ఆ ఏడాది దేశంలో 79 లక్షల మందికి పైగా ఆ ఆరు మతాలూ కాని పేర్లు రాయించుకున్నారు. జార్ఖండ్ చుట్టుపక్కల తమ ఆదివాసీ మతం పేరు సర్నా అని రాయించుకున్నవారే 49.57 లక్షలు. సొంత అంకె ఉన్న జైనులు 44.51 లక్షలు. గోండి మతం అని చెప్పినవారు 10.26 లక్షలు. బ్రిటిష్ కాలపు లెక్కల్లో మాలాంటి వారికి వేరే వర్గం ఉండేది. 'ఆనిమిస్టులు' అన్నారు, 1931లో 'గిరిజన మతాలు' అన్నారు. దొరలు పెట్టిన ఆ పేర్ల మీద నాకు మమకారమేమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గడి కూడా పోయింది. సర్నాకు ప్రత్యేక కోడ్ ఇవ్వాలని జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరు 11న తీర్మానం చేసింది. మన శాసనసభల్లోనూ ఈ ముచ్చట ఎవరైనా గట్టిగా ఎత్తితే వినాలని ఉంది.

గోండులంతా హిందువులు కారని వాదించడానికి నేను కలం పట్టలేదు. మా ఇంటినే చూడండి. మా అత్తగారు ఎదురైన వారినల్లా రాం రాం అని పలకరిస్తారు, ఊళ్లో హనుమంతుడి గుడికి వెళతారు, అడిగితే హిందువునంటారు. మా మరిది తనది కోయ పూనెం, అంటే గోండుల సొంత మతం, అంటాడు, దాని మీద గంటసేపు మాట్లాడగలడు. మా మామగారిని మతమేమిటని అడిగితే, "పెర్సాపేన్ ఉన్నాడు, నాగోబా ఉన్నాడు, ఇంకేం కావాలి?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఒకే చూరు కింద ఇన్ని జవాబులున్నాయి. మూడూ రాయాలి. అత్తగారి జవాబును మరిది దిద్దకూడదు, మరిది జవాబును ఎన్యూమరేటర్ దిద్దకూడదు. ఇంటింటికీ తిరిగి ఇలా చెప్పండి, అలా చెప్పండి అని పాఠాలు చెబుతున్న రెండు వైపుల కార్యకర్తలకూ ఇదే మనవి.

ఒక భయం మాత్రం తీర్చాలి. హిందువు అని రాయించుకోకపోతే ఎస్టీ ధ్రువపత్రం పోతుందని మా పిల్లల తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చి మరీ అడుగుతుంటారు. షెడ్యూల్డ్ కులాల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతంతో ముడిపెట్టింది. తెగలకు అటువంటి షరతు లేదు. ఈ ఒక్క సంగతి మీరు పెద్ద అక్షరాల్లో వేస్తే చాలామంది నిశ్చింతగా నిద్రపోతారు.

మీ పేజీలో టావోస్ వారి సరస్సు ఫొటో వేసి, దాని కథ వదిలేశారు. ఆ నీలి సరస్సును అమెరికా ప్రభుత్వం 1906లో అటవీ భూముల్లో కలిపేసుకుంది. తమ పూజలు జరిగే చోటును తిరిగి ఇవ్వాలని వారు 64 ఏళ్లు అడిగారు. పరిహారం ఇస్తామంటే డబ్బు వద్దు, సరస్సే కావాలన్నారు. 1970 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో 48 వేల ఎకరాలు వెనక్కి వచ్చాయి. అక్కడ ఏ పూజలు చేస్తారో బయటివారికి చెప్పరు. చెప్పకుండానే గెలిచారు. ఆ మొండితనం నాకు నచ్చింది.

అంత దూరం కూడా అక్కర్లేదు. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి ఉంది. ఆ కొండ డోంగ్రియా కోంధులకు నియమరాజు నివాసం, గనుల కంపెనీకి బాక్సైట్. తవ్వకం వల్ల అక్కడివారి మతపరమైన హక్కులకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టి అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది. మీ దేవుడు ఎక్కడ ఉంటాడని న్యాయస్థానం అడిగించగలిగినప్పుడు, మీ మతమేమిటని ఒక ఎన్యూమరేటర్ అడగలేడా? ఘనా దేశం 2021 జనగణనలో సంప్రదాయ మతస్థులను విడిగా లెక్కించింది. 3.2 శాతం వచ్చారు. తక్కువే. తక్కువైనా లెక్కలో ఉన్నారు.

అధికారులకు నా మనవులు ఇవి. ఈసారి లెక్కంతా ఫోన్ యాప్‌లో జరుగుతుంది కనుక, మతం ప్రశ్నకు ఆరు పేర్ల కింద 'ఇతరులు' అని పెట్టి వదిలేయకుండా, చెప్పిన పేరును టైపు చేసే వీలు ఉండాలి. దాన్ని తెలుగులో కూడా కొట్టగలగాలి. ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల గూడేలకు గోండి, కొలామీ వచ్చినవారిని పంపాలి, లేదా వెంట తీసుకెళ్లాలి. మతమేమిటని తెలుగులో అడిగితే కొందరు పెద్దవాళ్లు వంశం పేరు చెబుతారు, దాన్ని చూసి నవ్వే కుర్రాళ్లు ఈ పనికి పనికిరారు. శిక్షణ తరగతుల్లో సూచనల పుస్తకంలోని ఆ పేజీని పైకి చదివించాలి.

ఇంకొకటి, ఇది కొంచెం అత్యవసరం. 2027లో పుష్య అమావాస్య ఫిబ్రవరి మొదటి వారంలో వస్తోంది. ఆ రోజుల్లో మెస్రం కుటుంబాలు చాలావరకు కేస్లాపూర్ మర్రిచెట్ల కింద ఉంటాయి, ఊళ్లో ఇళ్లకు తాళాలుంటాయి. తాళం చూసి పక్కింటివారిని అడిగి నింపుకుపోకుండా, మా ఊళ్ల వంతును జాతర ముగిశాక పెట్టాలని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను. మీ విలేకరి ఆ నెలలో ఇటు వస్తే దర్బారు రోజుకు ముందే రమ్మనండి. హస్తినమడుగు నుంచి నడవలేకపోతే కనీసం పొయ్యిల దగ్గర కూర్చోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగిని కనుక నా పేరు ప్రచురించవద్దని ప్రార్థన.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా